మొదటి నవల పూర్తి చేయడం ఎలా: ఆగిపోయే చోట్లు, దాటే దారులు

"ఊపుగా మొదలుపెట్టాను, యాభై పేజీలు రాశాను, ఇక కదలడం లేదు. నాకు నవల రాసే శక్తి లేదా?" మొదటి నవల మొదలుపెట్టినవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఎన్నో పేజీ దగ్గర ఆగారో చెబితే చాలు, ఎందుకు ఆగారో చాలావరకు ఊహించవచ్చు. మొదటి నవలలు ఆగే చోట్లు నాలుగైదే. ఉత్సాహం పోవడానికి కారణం కూడా, రాసేవాళ్ల మనసులో వెతకడం కన్నా, అంతకు ముందు రాసిన మూడు సన్నివేశాల్లో వెతికితే త్వరగా దొరుకుతుంది.

కింద ఉన్నది వరసగా చేయాల్సిన పని. ఇప్పటికే మధ్యలో ఆగి ఉంటే నేరుగా 7వ మెట్టుకు వెళ్లండి. అక్కడ చెప్పింది చేయడానికి 4, 5 మెట్లు అవసరమైతే వెనక్కి రావచ్చు.

కావలసినవి

- రోజుకు 45 నిమిషాలు, వారానికి 5 రోజులు. ఆదివారం ఒక్కరోజే ఆరు గంటలు కూర్చుంటానంటే మొదటి నవలకు కుదరదు. వారం తర్వాత కూర్చుంటే మొదటి గంట అంతా ఎక్కడ ఆపామో గుర్తుచేసుకోవడానికే పోతుంది.
- యూనికోడ్‌లో (ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి) తెలుగు టైప్ చేయగల ఏ సాధనమైనా. ఫోన్ అయినా పరవాలేదు. నవల కోసం ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు.
- ఒక నోట్‌బుక్. దీన్ని "ఖాతా" అందాం. నవల ఇందులో రాయకూడదు, నవల గురించిన లెక్కలు మాత్రమే రాయాలి.
- ప్రతి వారం మూడు కాపీలు: రెండు వేర్వేరు పరికరాల్లో, ఒకటి ఇంట్లో లేని చోట (ఆన్‌లైన్ నిల్వ లేదా మీకు మీరే పంపుకున్న మెయిల్). ఫైల్ పేరులో తేదీ ఉండాలి. "ఫైనల్", "ఫైనల్ 2", "అసలు ఫైనల్" అని పేర్లు పెట్టేవాళ్లు ఏదో ఒకరోజు పాతదాన్ని దిద్దుకుంటూ కూర్చుంటారు.

చేత్తో రాసేవాళ్లు రోజూ రాసిన పేజీల్ని ఫోటో తీసుకోండి. తర్వాత టైప్ చేయడమే మీకు రెండో చిత్తు అవుతుంది కాబట్టి టైపింగ్ పని ఇంకొకరికి ఇవ్వకండి.

1. కథ నవలకు సరిపోతుందో లేదో చూడండి

రెండు వాక్యాల్లో రాయండి: ఎవరికి ఏం కావాలి, ఏది అడ్డం, దొరక్కపోతే ఏం పోతుంది.

ఈ వ్యాసం పొడుగునా వాడుకోవడానికి ఒక ఉదాహరణ అనుకుందాం: పదవీ విరమణకు ఆరు నెలలున్న పోస్ట్‌మ్యాన్, ఇరవై ఏళ్ల కిందట అందించకుండా దాచేసిన ఒక ఉత్తరాన్ని ఇప్పుడు చేర్చాలనుకుంటాడు. చేరిస్తే తన ఉద్యోగం, పేరు పోతాయి. చేర్చకపోతే ఆ ఉత్తరంలో పేరున్న మనిషి చేయని తప్పుకు నింద మోస్తూనే ఉంటాడు.

పరీక్ష: ఈ చిక్కు ఒక్క గట్టి సన్నివేశంలో తేలిపోతుందా? తేలిపోతే అది కథానిక. నవలకు కావలసింది, ముఖ్యపాత్ర చేసే ప్రతి ప్రయత్నం చిక్కును ఇంకొంచెం బిగించే పరిస్థితి. పోస్ట్‌మ్యాన్ ఉత్తరం తీసుకెళ్తే చిరునామాలో ఉన్నావిడ చనిపోయి ఉండవచ్చు, ఆమె కూతురు ఎవరో తెలుసుకోవడానికి పాత రిజిస్టర్లు తీయాల్సి రావచ్చు, రిజిస్టర్లు తీస్తే పైవాళ్లకు అనుమానం రావచ్చు. ఇలా వరసగా ఆరేడు "రావచ్చు"లు మీకు తోస్తే ముందుకు వెళ్లండి.

సాధారణంగా జరిగే తప్పు: "కాలం మనుషుల్ని ఎలా మార్చేస్తుందో చెప్పాలని ఉంది." ఇది విషయం, ఇంకా కథ కాలేదు. ఒక మనిషి పేరు, ఆ మనిషి సోమవారం పొద్దున ఏం చేయబోతున్నాడు అన్నది దొరికేదాకా రాయడం మొదలుపెట్టకండి.

2. ఎవరి కంటితో చెప్పాలో తేల్చుకోండి

వాదించుకోవడం వల్ల ఇది తేలదు. ఒకే సన్నివేశాన్ని 500 పదాల్లో ఒకసారి "నేను" అని, ఒకసారి "అతను" అని రాయండి. మర్నాడు రెండూ చదవండి. ఏది రాసేటప్పుడు మీకు తెలియని వివరాలు వాటంతటవే వచ్చాయో అదే పట్టుకోండి.

ఉత్తమ పురుషలో ("నేను") గొంతు త్వరగా దొరుకుతుంది, కానీ ఆ మనిషి లేని చోట జరిగేదేదీ చూపించలేరు. ప్రథమ పురుషలో ("అతను") స్వేచ్ఛ ఎక్కువ. ఆ స్వేచ్ఛే ప్రమాదం కూడా: ఒకే సన్నివేశంలో ముగ్గురి మనసుల్లోకి దూరిపోతారు. మొదటి నవలకు ఒక పద్ధతి పెట్టుకోండి: ఒక సన్నివేశానికి ఒక్కరి మనసే.

3. లెక్క వేసుకోండి

1999లో అమెరికాలో మొదలైన నానోరైమో అనే, నెల రోజుల్లో నవల రాసే పందెం వల్ల "నెలకు 50,000 పదాలు, రోజుకు 1,667" అన్న అంకె ప్రపంచమంతా పాకింది. అది ఇంగ్లీషు లెక్క. తెలుగులో పదాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. "రాయలేకపోతున్నానని" అన్నది మనకు ఒకే పదం. ఇంగ్లీషులో అరడజను కావాలి. అందుకని ఇంగ్లీషు లక్ష్యాలు పెట్టుకుని, చేరలేక కుంగిపోకండి.

తెలుగులో 50,000 పదాలంటే నిండైన నవల. మీకు నచ్చిన అచ్చు పుస్తకంలో ఒక నిండు పేజీ తీసి పదాలు లెక్కపెట్టండి. సుమారు 200 వచ్చిందనుకుంటే 50,000 పదాలు 250 పేజీలు.

రోజుకు 400 పదాలు, వారానికి 5 రోజులు: వారానికి 2,000. అంటే 25 వారాలు. దీనికి మూడో వంతు కలపండి. జ్వరాలు, ప్రయాణాలు, చేతులెత్తేసిన రోజులు ఉంటాయి. 33 వారాలు. క్యాలెండర్లో ఆ తేదీ రాసి పెట్టుకోండి.

తప్పిన రోజు పదాల్ని మర్నాటి లెక్కలో కలపకండి. మూడు రోజులు తప్పితే నాలుగో రోజు 1,600 రాయాలి అనుకున్నవాళ్లు నాలుగో రోజు కూడా కూర్చోరు. మర్నాడు మళ్లీ 400 మాత్రమే.

4. పన్నెండు వాక్యాల అస్థిపంజరం

ముఖ్యమైన సంఘటనలు పన్నెండు నుంచి పదిహేను, ఒక్కొక్కటి ఒక వాక్యంలో రాయండి. ఇప్పుడు ప్రతి రెండు వాక్యాల మధ్య ఏ మాట వస్తుందో చూడండి. "ఆ తర్వాత" వస్తే అక్కడ అతుకు బలహీనం. "అందువల్ల" గానీ "కానీ" గానీ రావాలి.

"పోస్ట్‌మ్యాన్ పాత రిజిస్టర్లు తీశాడు. *ఆ తర్వాత* స్నేహితుణ్ణి కలిశాడు." ఇది దినచర్య. "రిజిస్టర్లు తీశాడు. *అందువల్ల* గుమాస్తా కంటపడ్డాడు. *కానీ* ఆ గుమాస్తాకీ దాచుకోవాల్సింది ఒకటుంది." ఇది కథ.

ముగింపు తప్పనిసరిగా రాయండి. తర్వాత మారినా ఫరవాలేదు. ముగింపు తెలియకుండా బయల్దేరినవాళ్లు సగం దారిలో ఆగడం చాలా మామూలు.

ముందే ప్లాన్ వేసుకుంటే రాసే సరదా పోతుంది అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు తక్కువలో తక్కువ: ముగింపు ఒక వాక్యం, రాబోయే మూడు సన్నివేశాలకు తలా ఒక వాక్యం. ఒక సన్నివేశం అయిపోగానే ఇంకో వాక్యం చేర్చండి. ఎప్పుడూ మూడు ముందుండాలి.

5. ఖాతా తెరవండి

పది పేజీల తర్వాత మీకు పాత్ర మేనమామ పేరు గుర్తుండదు. ఖాతాలో ఇవి రాయండి:

- ప్రతి పాత్ర పుట్టిన ఏడాది (వయసు రాయకండి, కథ నడిచేకొద్దీ వయసు మారుతుంది, పుట్టిన ఏడాది మారదు).
- కథాకాలం క్యాలెండర్: ఏ సన్నివేశం ఏ రోజు, ఏ నెల.
- ఇల్లు, వీధి, ఆఫీసు నక్షా. గీత గీస్తే చాలు.
- ఎవరు ఎవర్ని "మీరు" అంటారు, ఎవరు "నువ్వు" అంటారు, ఏ వరసతో పిలుస్తారు. దీనికి గడులు గీసి పట్టిక వేయండి.

ఆఖరిది తేలిగ్గా తీసుకోకండి. మూడో అధ్యాయంలో "మీరు" అన్న కోడలు పదకొండో అధ్యాయంలో కారణం లేకుండా "నువ్వు" అంటే తెలుగు పాఠకుడు అక్కడే ఆగుతాడు. అదే పట్టిక మీ చేతిలో ఆయుధం కూడా: ఒక పాత్ర "మీరు" నుంచి "నువ్వు"కు దిగే చోటు కథలో పెద్ద మలుపు కావచ్చు. అది పొరపాటున కాకుండా తెలిసి జరగాలి.

6. మొదటి చిత్తు: వెనక్కి చూడకుండా

- సన్నివేశానికి 1,000 నుంచి 1,500 పదాలు. అంటే మొత్తం మీద సుమారు 40 సన్నివేశాలు. మూడు నాలుగు రోజులకొకటి పూర్తవుతుంది.
- కూర్చోగానే నిన్నటి ఆఖరి పేరా మాత్రం చదవండి. దిద్దకండి.
- తెలియని విషయం తగిలితే (పాత రిజిస్టర్ ఎలా ఉండేది? సీలు ఏ రంగు?) అక్కడ @@@ అని పెట్టి ముందుకు వెళ్లండి. చివర్లో వెతికి పట్టుకోవచ్చు. "ఒక్క నిమిషం చూసొస్తా" అని ఇంటర్నెట్‌లోకి వెళ్లిన రోజు 400 పదాలు పూర్తి కావు.
- సన్నివేశం మధ్యలో, తర్వాత ఏం రాయాలో తెలిసిన చోట ఆపండి. రేపటి కోసం రెండు ముక్కలు రాసి లేవండి: "గుమాస్తా తలుపు మూస్తాడు. పోస్ట్‌మ్యాన్ సంచి అక్కడే మర్చిపోయాడు."
- ఆ రోజు తేదీ, రాసిన పదాలు, రాస్తున్నప్పుడు ఎలా ఉందో ఒక గుర్తు (+ లేదా −) ఖాతాలో వేయండి. ఇది తర్వాత పనికొస్తుంది.

7. ఆగిపోయే చోట్లు

ఎక్కువసేపు ఇక్కడే ఉందాం. అంకెలు 50,000 పదాల నవలను బట్టి చెప్పినవి. మీది పెద్దదైతే ఆ దామాషాలో పెంచుకోండి.

*10,000 పదాల దగ్గర.* ఆ "యాభై పేజీలు" ఇవే. మొదటి ఊపు అయిపోయింది, మీకు ముందే తెలిసినవన్నీ రాసేశారు. ఇక్కడ చాలావరకు కారణం ఒక్కటే: ముఖ్యపాత్ర ఇప్పటిదాకా తలచుకుంటూ ఉన్నాడు గానీ ఏమీ చేయలేదు. బాల్యం చెప్పారు, ఊరు చెప్పారు, పాత గాయం చెప్పారు.

పరీక్ష: వెనక్కి తీసుకోలేని పని ఒకటైనా అతను చేశాడా? పోస్ట్‌మ్యాన్ ఉత్తరం చేత్తో పట్టుకుని నలభై పేజీలు ఆలోచిస్తే కథ కదలదు. కవరు చింపాలి. చింపిన కవరును మళ్లీ అంటించలేం.

మందు: అస్థిపంజరంలో ఐదో వాక్యంగా పెట్టుకున్న సంఘటనను రేపే రాయండి. బాల్యం గురించిన పేజీలు చెరపక్కర్లేదు, వేరే ఫైల్లోకి మార్చండి. అందులో నిజంగా అవసరమైనవి నాలుగైదు వాక్యాలు తర్వాత వాటంతటవే చోటు వెతుక్కుంటాయి.

*20,000 నుంచి 30,000 మధ్య.* ఇదే అసలు ఊబి. రాస్తూనే ఉంటారు, పదాలు పెరుగుతూనే ఉంటాయి, కానీ మీకే విసుగు. కారణం: ఒకే అడ్డంకి బట్టలు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తోంది. గుమాస్తా ఒప్పుకోడు, తర్వాత సూపర్‌వైజర్ ఒప్పుకోడు, తర్వాత ఇంకో ఊరి గుమాస్తా ఒప్పుకోడు. మనుషులు ముగ్గురు, సన్నివేశం ఒకటే.

పరీక్ష: రాసిన ప్రతి సన్నివేశానికి ఒక వాక్యం రాయండి: "దీనివల్ల అతనికి ఇంతకు ముందు లేని ఏ ఇబ్బంది వచ్చింది?" వరసగా మూడు సన్నివేశాలకు ఒకే జవాబు వస్తే రెండు తీసేయాలి.

మందు మూడు రకాలు, ఒకటి ఎంచుకోండి. మొదటిది, ఒక దారి మూసేయండి: రిజిస్టర్లు ఉన్న గదికి నిప్పంటుకుంటుంది, ఇక ఆ ఆధారం ఎప్పటికీ దొరకదు. రెండోది, ఎదుటివాళ్లను కదిలించండి. ఇప్పటిదాకా పోస్ట్‌మ్యాన్ వెతుకుతుంటే అందరూ నిలబడి చూస్తున్నారు. ఉత్తరం బయటికి రాకూడదనుకునే మనిషి ఒక పని చేయాలి. మూడోది చాలామందికి మనసొప్పనిది: చివరికి దాచుకున్న రహస్యంలో సగం ఇప్పుడే చెప్పేయండి. మొదటి నవల రాసేవాళ్లు మంచి ముక్కలన్నీ ఆఖరి అధ్యాయానికి దాచుకుని, మధ్యలో పాఠకుడిని ఎండబెడతారు. ఉత్తరంలో ఏముందో సగంలోనే తెలిసిపోతే "ఏముంది?" అన్న ప్రశ్న పోయి "తెలిశాక ఏం చేస్తాడు?" అన్న ప్రశ్న వస్తుంది. రెండోదే గట్టి ప్రశ్న.

*కొత్త ఆలోచన మెరిసినప్పుడు.* సరిగ్గా ఊబిలో ఉండగానే ఇంకో నవల తడుతుంది. అది ఎంతో అందంగా ఉంటుంది, ఎందుకంటే దాన్ని మీరింకా రాయలేదు. ఖాతా వెనక పేజీలో ఇరవై నిమిషాలు దాని గురించి రాసి, తేదీ వేసి, మూసేయండి. ఒక హెచ్చరిక: ఆ కొత్త ఆలోచనను ఈ నవలలోకి అతికించకండి. పోస్ట్‌మ్యాన్ కథలో అకస్మాత్తుగా దొంగనోట్ల ముఠా దిగేది ఇలాగే. ఇంకొకటి గమనించండి: కొత్త ఆలోచన వచ్చిన రోజున మీరు రాయాల్సిన సన్నివేశం ఏది? చాలాసార్లు అది రాయడానికి భయపడుతున్న సన్నివేశం అయి ఉంటుంది.

*మొదటి అధ్యాయం దగ్గరికే మళ్లీ మళ్లీ.* ఇది ఆగినట్టు కనిపించదు. రోజూ పని జరుగుతుంటుంది, వాక్యాలు మెరుగుపడుతుంటాయి, మొదటి అధ్యాయం తొమ్మిదోసారి తయారవుతుంది. ముగింపు రాశాక ఆ అధ్యాయం ఎలాగూ మారుతుంది, ఒక్కోసారి మొత్తం పోతుంది. మార్చాలనిపించింది ఖాతాలో ఒక వాక్యంగా రాయండి ("చెల్లెలి పాత్ర తీసేయాలి"), ఇప్పటికే మార్చేసినట్టుగా అనుకుని ముందుకు రాయండి. ఇవాళ్టి సన్నివేశం నుంచి చెల్లెలు లేదు. వెనక ఉన్న చెల్లెలి సంగతి రెండో చిత్తులో చూసుకుందాం.

*40,000 దాటాక.* ఇక్కడ ఆగేవాళ్లు తక్కువ, పరిగెత్తేవాళ్లు ఎక్కువ. ముగింపు కనిపిస్తోంది కదా అని సన్నివేశాలు సారాంశాలైపోతాయి: "ఆ తర్వాత వాళ్లిద్దరూ ఎంతో సేపు మాట్లాడుకున్నారు. అతని మనసు తేలికపడింది." పాఠకుడు రెండొందల పేజీలు ఎదురుచూసింది ఆ మాటల కోసమే.

పరీక్ష: ఆఖరి ఐదు సన్నివేశాల పదాలు లెక్కపెట్టండి. మిగతా నవల సగటులో సగం కూడా లేకపోతే మీరు రాసింది ముగింపు కాదు, ముగింపు గురించిన నోట్సు. ఆ ఐదింటినీ మాటలతో, చేతలతో మళ్లీ రాయండి.

ఇక "నా రాత చెత్తగా ఉంది" అన్న దిగులు. దీనికి ఖాతాలోని + − గుర్తులు పనికొస్తాయి. నెల తర్వాత ఆ పేజీలు గుర్తులు చూడకుండా చదివి, ఏది + రోజు రాసిందో ఏది − రోజు రాసిందో ఊహించి చూడండి. ఊహ చాలాసార్లు తప్పుతుంది. పేజీ ఎలా వచ్చిందో రాసిన రోజు మనసు చెప్పలేదు, అంతే.

పది రోజులకు మించి వదిలేశారా? మొదటి నుంచి చదవకండి, చదివితే దిద్దడం మొదలుపెడతారు. ఆఖరి రెండు సన్నివేశాలు చదవండి, ఆఖరి పేరాను చూసి మళ్లీ టైప్ చేయండి, దాని కింద 150 పదాలు రాయండి. ఆ రోజుకు అంతే.

8. పూర్తయ్యాక పక్కన పెట్టండి

నాలుగు నుంచి ఆరు వారాలు. ఎవరికీ చూపించకండి, మీరూ తెరవకండి. కాపీలు మూడూ ఉన్నాయో లేదో మాత్రం చూసుకోండి.

9. సన్నివేశాల పట్టిక

ఇప్పుడు ప్రింట్ తీసి గానీ, అక్షరం ఆకారం, పరిమాణం మార్చి గానీ చదవండి. రూపం మారితే కన్ను కొత్తగా చూస్తుంది. రాతను దిద్దకండి, పట్టిక మాత్రం నింపండి: సన్నివేశం నంబరు, ఎవరి కంటితో, ఎక్కడ, ఏ రోజు, మొదట్లో పరిస్థితి, చివర్లో పరిస్థితి, పదాలు.

మొదట్లో పరిస్థితి, చివర్లో పరిస్థితి ఒకటే అయితే ఆ సన్నివేశం ఎంత అందంగా ఉన్నా తీసేయాలి, లేదా పక్కదానితో కలపాలి. సూర్యాస్తమయం వర్ణన బాగుందని ఉంచేసిన సన్నివేశం దగ్గరే పాఠకుడు పేజీలు తిప్పేస్తాడు.

10. దిద్దుబాటు, ఈ వరసలోనే

ముందు నిర్మాణం: సన్నివేశాలు తీయడం, చేర్చడం, వరస మార్చడం. తర్వాత సన్నివేశం లోపల: ఆలస్యంగా మొదలుపెట్టి త్వరగా ముగించడం. ఆ తర్వాత వాక్యాలు. అన్నిటికన్నా చివర అచ్చుతప్పులు. వరస తప్పితే రెండు వారాలు వాక్యాలు చెక్కి, మూడో వారం ఆ అధ్యాయాన్నే తీసిపారేస్తారు.

వాక్యాల దగ్గర చూడాల్సినవి:

- "లేచి, చొక్కా వేసుకుని, తలుపు తీసి, బయటికి వచ్చి, చూసి..." ఇలాంటి క్రియలు ఒక వాక్యంలో మూడు దాటితే విరవండి.
- వెతికి లెక్కపెట్టండి: అకస్మాత్తుగా, ఒక్కసారిగా, చిన్నగా నవ్వాడు, నిట్టూర్చింది, తల ఊపాడు, మౌనంగా ఉండిపోయాడు. మీకు మీ సొంత జాబితా ఉంటుంది. చదివేటప్పుడు మూడోసారి కనిపించిన మాటను రాసిపెట్టుకోండి.
- "అన్నాడు" మంచి మాట. పాఠకుడి కంటికి అడ్డం రాదు. దాన్ని తప్పించడానికి "పలికాడు", "ఉద్ఘాటించాడు", "బదులిచ్చాడు" అని తిప్పలు పడకండి.
- సంభాషణలన్నీ పైకి చదవండి. పేరు చూడకుండా ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే పాత్రలన్నీ మీ గొంతుతోనే మాట్లాడుతున్నట్టు. పాత్రకు యాస ఇస్తే చివరిదాకా ఇవ్వండి. సగం యాస, సగం పుస్తకభాష రెంటికీ చెడుతుంది.

పాత్ర పేరు మార్చేటప్పుడు పెద్ద హెచ్చరిక. "రమ"ను "లత"గా మార్చమని ఫైల్ మొత్తానికి ఒకేసారి ఆజ్ఞ ఇస్తే చాలా సాఫ్ట్‌వేర్లలో "ప్రమాదం" కాస్తా "ప్లతాదం" అవుతుంది, "శ్రమ" "శ్లత" అవుతుంది. "ప్ర" లోపల "ర" విడిగా దాగి ఉంటుంది కాబట్టి కంప్యూటర్‌కు అక్కడా "రమ" కనిపిస్తుంది. ఒక్కొక్కటీ చూసి మార్చండి. అలాగే "పోస్ట్‌మ్యాన్" లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలవడానికి కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. కొన్ని చోట్ల ఆ గుర్తుతో, కొన్ని చోట్ల లేకుండా టైప్ చేసి ఉంటే వెతుకులాటలో సగం దొరకవు. రెండు రకాలుగానూ వెతకండి.

కొలత: రెండో చిత్తు మొదటిదానికన్నా పదో వంతు తగ్గితే ఆరోగ్యం. పెరిగిందంటే వివరణలు చేర్చారేమో చూడండి. 7వ మెట్టులో చెప్పినట్టు సారాంశాలను సన్నివేశాలుగా మార్చడం వల్ల పెరిగితే మంచిదే.

11. చదివి చెప్పేవాళ్లు

ముగ్గురు నుంచి ఐదుగురు. అందరూ రాసేవాళ్లే అయితే తాము రాస్తే ఎలా ఉండేదో మిమ్మల్ని అలా రాయమంటారు. కనీసం ఇద్దరు ఊరికే చదివేవాళ్లు ఉండాలి. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అంటారు. దానివల్ల ఉపయోగం లేదు. ఇవి అడగండి:

1. ఏ పేజీలో పక్కన పెట్టి వేరే పనికి లేచారు?
2. ఎక్కడ అర్థం కాక వెనక్కి వెళ్లి చదివారు?
3. ఏ పాత్రలు ఒకదానికొకటి కలిసిపోయాయి?
4. ముగింపు ఎప్పుడు ఊహించేశారు?

వాళ్లు చెబుతుంటే సమర్థించుకోకుండా రాసుకోండి. ఇద్దరు ఒకే చోట తట్టుకున్నారంటే అక్కడ రాయి ఉన్నట్టే. దాన్ని ఎలా తీయాలని వాళ్లు చెప్పే సలహా మాత్రం తప్పు కావచ్చు. "గుమాస్తా పాత్ర తీసేయండి" అని ఇద్దరూ అంటే, లోపం అతని గురించి ఆలస్యంగా చెప్పడంలో ఉండవచ్చు. ఒక్కరికే తగిలింది, మీకూ సరి అనిపించలేదు: వదిలేయండి.

12. పంపే ముందు

@@@ అని వెతకండి. ఒక్కటి కూడా మిగలకూడదు. మీరు/నువ్వు పట్టిక పక్కన పెట్టుకుని సంభాషణలు ఒకసారి చూడండి. కథాకాలం క్యాలెండర్‌తో వారాలు, నెలలు సరిపోల్చండి.

కథాసారాంశం ఒక పేజీ, ముగింపుతో సహా రాయండి. ప్రచురించేవాళ్ల దగ్గర ముగింపు దాచడం గడుసుతనం అనుకుంటారు కొందరు. చదివేవాళ్లకు అది అసంపూర్తిగానే కనిపిస్తుంది.

అచ్చు కోసం కొన్నిచోట్ల యూనికోడ్ కాని పాత ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పులో వత్తులు, పొల్లులు, అంకెలు చెదురుతాయి. కాబట్టి ఆఖరి ప్రూఫ్ తెర మీద కాకుండా అచ్చు పేజీల మీదే చూడండి. ముఖ్యంగా మూడు చోట్ల కన్ను పెట్టండి: క్ష, జ్ఞ లాంటి జంటలు, ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటల చివరి పొల్లులు, కొటేషన్ గుర్తులు. దిద్దిన ఆఖరి యూనికోడ్ ఫైల్‌ను, అచ్చుకు వెళ్లిన ఫైల్‌ను వేర్వేరుగా, తేదీలతో దాచుకోండి. రెండో ముద్రణలో దిద్దాల్సింది అచ్చుకు వెళ్లిన ఫైల్లోనే అయినా, ఆ దిద్దుబాట్లన్నీ మీ యూనికోడ్ ఫైల్లో కూడా ఆ రోజే చేసేయండి.